పాట దారిన వచ్చిన మాట

కమలాపురం బజారు వీధిలో రాజ్యలక్ష్మమ్మ కాపురానికి వచ్చి ముప్పై ఏళ్ళు. ముందు అంగడి, వెనక ఇల్లు, రెంటికీ నడుమ ఒక గోనెపట్టా తెర. పగటిపూట ఆ తెర దాటి ఆమె అంగట్లోకి వెళ్ళింది చాలా తక్కువ. అయినా ఎవరొచ్చారో, ఏం కొన్నారో, ఎవరితో తగువైందో వంటింట్లో కూర్చునే చెప్పగలదు. మొగుడు తిరుమలయ్య శెట్టి గొంతు అంత పెద్దది. మాటల మనిషి. బేరం కుదిరినా కుదరకపోయినా వచ్చినవాణ్ణి నవ్వించి పంపేవాడు. శనివారం సాయంత్రం రాముల భజన గుడిలో ఆయన పాట ఎత్తుకుంటే, పనిలో ఉన్న ఆడవాళ్ళు కూడా చేతులు ఆపి వినేవారు.

ఆ మనిషి నోరు ఒక్క గడియలో మూతపడింది.

అది 1936వ సంవత్సరం, మాఘమాసం. జొన్న కళ్ళాలు ముగుస్తున్న రోజులు. లేవి అనే రైతు పల్లె నుంచి రెండు మూటల జొన్నలు అమ్మకానికి తెచ్చాడు. శెట్టి గింజలు కొలిచే పడి పాత్ర పట్టుకుని కొలుస్తున్నాడు. కొలతలో ఒకటి అనే మాట నోట రానివ్వరు కదా, దాని బదులు లాభం అంటారు. "లాభం, లాభం... రెండు, రెండు..." అని రాగం తీస్తూ కొలవడం ఆయన అలవాటు. లోపల చింతపండు పిసుకుతున్న రాజ్యలక్ష్మమ్మ చెవి ఆ రాగం మీదే ఉంది. ఏడు అన్నాడు. మళ్ళీ ఏడు అన్నాడు. ఎనిమిది రాలేదు. దాని బదులు ఏదో బరువైనది గింజల మీద కూలిన చప్పుడు వచ్చింది.

ఆమె తడి చేతులతోనే తెర తోసుకుని పరుగెత్తింది. శెట్టి జొన్నల రాశి మీద పక్కకు ఒరిగి పడివున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు ఒక వైపుకు లాక్కుపోయింది. కుడి చెయ్యి తనది కానట్టు గింజల్లో పడి ఉంది. ఆమెను చూసి ఏదో చెప్పబోయాడు. గొంతులోంచి గాలి తప్ప మరేదీ రాలేదు.

వీధంతా చేరింది. పచ్చవాతం అన్నారు కొందరు. గాలి సోకింది, మంత్రగాణ్ణి పిలవమన్నారు కొందరు. పావురం నెత్తురు పూస్తే కాలూ చెయ్యీ వస్తాయని ఒకాయన అంటే, కోమటింట్లో ఆ మాటేమిటని మరొకాయన కసిరాడు. శెట్టి తల్లి నాగేంద్రమ్మ డెబ్బై దాటిన మనిషి. కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, శొంఠి కషాయం గిన్నె తెప్పించి, "నోరు తెరువు నాయనా, రెండు గుక్కలు మింగు" అంటున్నది.

లేవి తన మూటల్ని అక్కడే వదిలేసి రాజ్యలక్ష్మమ్మ వైపు తిరిగాడు. "శెట్టెమ్మా, ఈళ్ళ మాటలు ఇనుకుంటా కూసోవద్దు. నేను పోయి సంతోషమ్మను పిల్చుకోనొస్తా" అని, ఆమె సరే అనకముందే ఎండలో పరుగు తీశాడు.

సంతోషమ్మ అంటే చర్చి పక్కన రెండు గదుల మందులిల్లు నడిపే నర్సు. ముప్పై అయిదేళ్ళుంటాయి. మిషన్ ఆసుపత్రిలో అయిదేళ్ళు పని నేర్చుకుని, సొంత ఊరికి దగ్గరగా ఉంటుందని కమలాపురం వచ్చింది. కాన్పులకూ పుండ్లకూ జ్వరాలకూ పల్లెలన్నీ ఆమె దగ్గరికే పోయేవి. బజారు వీధి మాత్రం పోయేది కాదు.

తెల్లచీర, నల్లగొడుగు, చేతిలో తోలుసంచి. అంగడి మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఎవరూ రమ్మనలేదు. నాగేంద్రమ్మ చేతిలోని కషాయం గిన్నె కొడుకు పెదాలకు ఆనబోతుండడం ఆమె కంట పడింది. ఇక ఆగలేదు. రెండు అంగల్లో పోయి గిన్నె పట్టుకుంది.

"పోయొద్దు అవ్వా! మింగే శక్తి ఉండాదో లేదో తెలీదు. అది కడుపులోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతాది. మనిషి దక్కడు."

వీధి మొత్తం నోరు తెరిచింది. నాగేంద్రమ్మ గిన్నె వదిలేసింది, కషాయం ఒలికిపోయింది. సంతోషమ్మ శెట్టిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. నోట్లో చేరిన చొంగను గుడ్డతో తుడిచింది. నాడి చూసింది. కళ్ళు పైకెత్తి, "ఈ ఇంటి ఆడమనిషి ఎవరు?" అని అడిగింది.

"నేనే" అన్నది రాజ్యలక్ష్మమ్మ.

"బతుకుతాడమ్మా. మధ్యాన్నం రైలుకు కడపకు తీసకపోదాం. నేనూ వస్తా."

ఆ ‘నేనూ వస్తా’ అన్న మాటను రాజ్యలక్ష్మమ్మ ఆ తర్వాత ఎందరికి చెప్పుకుందో లెక్కలేదు. ఆ అంగట్లో అంతమంది ఉన్నారు, అందరూ ఆమె మనుషులే. వస్తానన్నది మాత్రం ఆ ఒక్కతే.

కడప ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నారు. పెద్ద డాక్టరు పరీక్ష చేసి, మెదడుకు నెత్తురు తీసుకుపోయే సన్నని గొట్టంలో గడ్డ అడ్డం పడిందనీ, ఎడమ పక్కన కొంత భాగం చచ్చిపోయిందనీ చెప్పాడు. మందు కంటే సేవే ముఖ్యమన్నాడు. కాలు తిరిగి రావచ్చు. చెయ్యి సందేహం. మాట సంగతి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

ఇంటికి వచ్చిన మూడో రోజున శెట్టి నోట మొదటి మాట వచ్చింది.

"లాభం."

రాజ్యలక్ష్మమ్మ ఆనందంతో అత్తను కేకేసింది. నాగేంద్రమ్మ వచ్చింది. తల్లిని చూసి శెట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లాభం" అన్నాడు. దాహమైతే లాభం. దిండు సరిగా లేకపోతే లాభం. కోపం వస్తే, ఎడమ చేత్తో మంచం పట్టె కొడుతూ, "లాభం, లాభం, లాభం!" ఇంకో మాట లేదు.

చూడవచ్చినవాళ్ళు బయటికి పోయి నవ్వారు. చావు దాకా పోయివచ్చినా కోమటికి లాభమే గుర్తుందన్నారు. ఆ నవ్వు గోనెపట్టా తెర ఇవతలికి వినిపించింది. రాజ్యలక్ష్మమ్మ వంటింట్లోకి పోయి, పొయ్యి ఊదుతున్నట్టు ఊదుతూ ఏడ్చింది.

సంతోషమ్మ రోజూ మందులిల్లు మూసి వచ్చేది. శెట్టి మంచం పడసాలలో వేశారు, ఆమె ఇంకా లోపలికి రాకుండా. ఆమె పోగానే నాగేంద్రమ్మ పసుపునీళ్ళు చల్లేది. సంతోషమ్మకు అది తెలుసు. ఒకరోజు గొడుగు మరిచి వెనక్కి వచ్చి చూసింది కూడా. గొడుగు తీసుకుని పోయింది. రాజ్యలక్ష్మమ్మకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మరునాడు వచ్చినప్పుడు ఆమె ముఖం చూసి సంతోషమ్మే అడిగింది. "ఏమమ్మా, శానా దిగులుగా ఉండావు?"

"ఊరంతా నవ్వుతాండారు సంతోషమ్మా. ఆయప్పకు మతి పోయిందంటాండారు. పోయినా ఆ పాడు మాటొక్కటే మిగిలిందంటాండారు."

"మతి పోలేదమ్మా." సంతోషమ్మ గట్టిగా అన్నది. మంచం మీది శెట్టికి కూడా వినపడాలన్నట్టు. "ఇట్ల చూడు." రెండు పిడికిళ్ళు బిగించి పక్కపక్కన ఆనించి పెట్టింది. "మన మెదడు ఇంత ఉంటాది. నడిమికి చీలినట్టు రెండు సగాలు. పైనంతా ముడతలు. ముట్టుకుంటే వెన్నముద్ద మాదిరి మెత్తగుంటాది."

"నువ్వు ముట్టుకున్న్యావా?"

"పని నేర్చుకునేటప్పుడు డాక్టరమ్మ చూపించింది."

"ఎవరిది?"

"ఆ సంగతి మీ ఇంట్లో చెప్పకూడదులేమ్మా." సంతోషమ్మ నవ్వు ఆపుకుంది. అది కసాయి కొట్టు నుంచి తెప్పించిన గొర్రె తలకాయ అని రాజ్యలక్ష్మమ్మకు చాలాకాలం తర్వాత తెలిసింది.

"ఇదిగో, ఈ మణికట్ల తావున సన్నబడి మెడలోకి దిగుతాది. ఊపిరి తీసేది, మింగేది, గుండె కొట్టుకునేది, మనం అడక్కుండా జరిగే పనులన్నీ ఆడనే. ఆ తావు బాగుండబట్టే ఈ పొద్దు మనం ఈయప్పతో మాట్లాడతాండాం. ఆణ్ణుంచి ఇంకా కిందికి, ఎన్నుపూసల నడుమ చిటికెనేలంత లావున తాడు దిగుతాది. ఎన్నుపాము అంటారు."

"పామా!"

"పేరే అట్లమ్మా, కరిచేది కాదు. కాళ్ళకూ చేతులకూ కబురు పోయేది దాంట్లోనే, ఆణ్ణుంచి వచ్చేదీ దాంట్లోనే. అయితే మెదడు నుంచి దిగేటప్పుడు దార్లు అటుదిటూ ఇటుదటూ దాటుకుంటాయి. ఎడమ సగం పంపిన కబురు కుడి చేతికి పోతాది. అందుకే దెబ్బ ఎడమ పక్కన తగిలితే పడిపోయింది కుడి చెయ్యి." ఆమె ఎడమ పిడికిలిని ముందువైపు వేలితో తట్టింది. "మాటలు కూర్చే తావు కూడా శానామందికి ఈ ఎడమ పక్కనే. అర్థం చేసుకునే తావు కొంచెం ఎనక. ఆ ఎనకది పోలేదు. మనం చెప్పేదంతా ఈయప్పకు తెలస్తాండాది. నవ్వినోళ్ళు ఎవరెవరో కూడా తెలుసు."

రాజ్యలక్ష్మమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. రెప్పల కింద నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి.

"మరి ఆ ఒక్క మాట ఎట్ల వస్తాంది?"

"ముప్పై నలభై ఏండ్లు దినామూ వందసార్లు పలికిన మాట. ఆలోచించి కూర్చేది కాదు, దానంతటదే దొర్లి వస్తాది. ఆశ కొద్దీ అనేది కాదమ్మా అది. ఆయప్పకు తలుపులన్నీ మూసుకున్నాయి, అదొక్కటే ఓరగా ఉండాది."

ఆ రోజునుంచి రాజ్యలక్ష్మమ్మకు నవ్వేవాళ్ళంటే కోపం పోలేదు గానీ సిగ్గు పోయింది. ఎవరైనా వస్తే, తలుపు చాటున కాక మంచం పక్కనే నిలబడి, "ఆయనకు అన్నీ తెలస్తాయి, సూటిగా ఆయనతోనే మాట్లాడండి" అని చెప్పడం మొదలుపెట్టింది.

సంతోషమ్మ పని నేర్పింది. గంజి చిక్కగా కాచి, కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి దించి, ఒక్కొక్క చెంచా. పొరబోకుండా మింగడానికి నెల పట్టింది. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. పడిపోయిన చెయ్యిని ఊరికే వదలకుండా వేళ్ళు చాపి మడిచి, చాపి మడిచి పట్టాలి. ఒకనాడు సంతోషమ్మ శెట్టిని కూర్చోబెట్టి కుడి మోకాలి చిప్ప కింద తట్టితే కాలు ఎగిరి తన్నింది. వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న నాగేంద్రమ్మ, "వచ్చింది, నా కొడుకుకు కాలొచ్చింది!" అని పరుగెత్తుకొచ్చింది.

"ఇది ఆయప్ప తన్నింది కాదవ్వా. ఎన్నుపాము సొంతంగా ఇచ్చిన జవాబు. తలకాయకు కబురు పోకముందే ఇచ్చేస్తాది. కానీ ఒక మంచి ఏమంటే, కింద తాడు చెక్కుచెదరలేదని తెలిసింది. పైనుంచి కబురు దిగేదాకా మనం కాలును చెడనియ్యకుండా కాపాడుకుంటే సాలు."

ఆ కబురు నెమ్మదిగా దిగింది. ముందు తొడ, తర్వాత మోకాలు. మంచం పట్టుకుని నిలబడగలిగాడు. చేతి కబురు మాత్రం భుజం దగ్గరే ఆగింది.

మాట అసలే రాలేదు. ‘లాభం’ అని సంతోషమ్మ ఎత్తుకుంటే ‘రెండు, మూడు, నాలుగు’ అని గడగడ పోయేవాడు. వేళ్ళు నాలుగు చూపించి ఎన్ని అంటే చెప్పలేడు. పదిసార్లు ప్రయత్నం చేసి, పదకొండోసారి గంజి గిన్నె విసిరికొట్టాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకోవడం అలవాటయింది. సంతోషమ్మ వస్తే కళ్ళు మూసుకునేవాడు. రాజ్యలక్ష్మమ్మ అంగడి తెరిచి తానే కూర్చోవడం మొదలుపెట్టింది. ఇల్లు గడవాలి కదా. ఆయన గొంతు లేని అంగట్లో కూర్చుంటే ఆమెకు ఊపిరాడేది కాదు.

శ్రీరామనవమి వచ్చింది. వడపప్పు, పానకం పంచుతూ భజన బృందం వీధి తిరుగుతున్నది. శెట్టి లేడు గనుక ఎవరో కుర్రగొంతు పాట ఎత్తుకుంది. ఆయన ఇన్నేళ్ళు పాడిన ఉయ్యాల పాటే.

"ఊగవయ్యా రామ ఊగవయ్యా,
ఒంటిమిట్ట కోవెల్లో ఊగవయ్యా..."

రాజ్యలక్ష్మమ్మ పానకం చెంబు పట్టుకుని అంగడి గడపలో నిలబడింది. బృందం రెండో చరణం అందుకుంది. వెనక పడసాలలో నుంచి ఇంకో గొంతు కలిసింది. బొంగురుగా, వంకరగా, కానీ పాటలో. ఆమె చెంబు జారవిడిచింది.

శెట్టి మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి తొడ మీద తాళం వేస్తున్నది. "పువ్వుల సరాలు కట్టి పొదుగువారమూ, పాదాలు పట్టుకొని ఊపువారమూ" అని మాటకు మాట, ఒక్క అక్షరం జారకుండా పాడుతున్నాడు. భజన ముందుకు పోయింది. పాట వినపడనంత దూరం పోయాక ఆయన ఆగి, భార్యను చూసి, ఏదో చెప్పబోయి, "లాభం" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

రాజ్యలక్ష్మమ్మ ఆ ఎండలో చెప్పుల్లేకుండా మందులిల్లు దాకా పరుగెత్తింది. బజారు వీధి ఆడమనిషి అలా పరుగెత్తడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"పాడినాడు! సంతోషమ్మా, పాడినాడు! మాటలతో పాడినాడు!"

సంతోషమ్మ చేతిలోని సీసా బల్లమీద పెట్టి, గబగబా చేతులు కడుక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోలేదు. "డాక్టరమ్మ చెప్పింది గానీ నేను యాడా కండ్లారా చూళ్ళేదమ్మా. పాటకు కుడి సగం కూడా పని చేస్తాదంట. ఆ సగం బాగానే ఉండాది కదా! మాటల దారి కూలిపోయినా, పాట దారి ఉండాది. ఆ దారిన పిల్చి చూద్దాం పద."

అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలన్నీ పాటలయ్యాయి. సంతోషమ్మ శెట్టి ఎడమ చెయ్యి పట్టుకుని తొడ మీద తాళం వేయిస్తూ, "నీ...ళ్ళు కా...వాలా" అని ఉయ్యాల పాట వరసలో పాడేది. ముందు కలిసి పాడాలి. తర్వాత ఆమె సగంలో ఆగాలి, ఆయన పూర్తి చేయాలి. ఆ తర్వాత రాగం కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఇరవై రోజులకు ‘నీళ్ళు’ అనే మాట రాగం లేకుండా వచ్చింది. రాజ్యలక్ష్మమ్మ పరుగున చెంబు తెచ్చేసరికి సగం నీళ్ళు ఒలికిపోయాయి. ఆ తర్వాత అన్నం. అమ్మ. వద్దు. ‘వద్దు’ వచ్చిన రోజున పొద్దుగూకేదాకా అన్నిటికీ వద్దు అంటూ పిల్లవాడిలా నవ్వాడు. పడిపోయిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

ఒకనాడు సంతోషమ్మ, "ఇంక పేరు చెప్పిద్దాం. పొరపాటున యాడైనా తప్పిపోతే ఊరోళ్ళకు పేరన్నా చెప్పుకోవల్ల కదా" అన్నది. తానే పాడింది. శెట్టి నోరు కదలలేదు. ఆయన కళ్ళు పక్కన ఉన్న భార్య పెదాల మీద ఉన్నాయి.

"నాది చూడ్డం లేదమ్మా, నీ నోరు చూస్తాండాడు. నువ్వు పాడాల."

రాజ్యలక్ష్మమ్మ బిత్తరపోయింది. "మొగుని పేరు నేనెట్ల చెప్పేది సంతోషమ్మా? పెండ్లినాడు గడప కాడ అడ్డం నిలబడి చెప్పించినారు. ఆ పొద్దు చెప్పిందే. మళ్ళీ ఈ నోట అనలేదు."

వంటింట్లోంచి నాగేంద్రమ్మ గొంతు వచ్చింది.

"చెప్పమ్మే. నేను పెట్టిన పేరే కదా."

ముసలామె ఇవతలికి వచ్చి, కోడలి పక్కన, సంతోషమ్మకు జానెడు దూరంలో, నేల మీదే చతికిలబడింది. "ఆ పేరు వాని నోట ఇంకోసారి వినల్లని ఉండాది నాకు. నువ్వు చెప్తే వస్తాదంటే చెప్పు."

రాజ్యలక్ష్మమ్మ కొంగు పిడికిట్లో బిగించింది. కళ్ళు దించుకుని ఎత్తుకుంది. "తి...రు...మల...య్యా..."

శెట్టి ఎడమ చెయ్యి తాళం వేసింది. పెదాలు దగ్గరికి వచ్చాయి, విడిపోయాయి. మెడ నరాలు లేచాయి. అదే వరసలో, అదే నిదానంతో పలికాడు.

"రా...జ్యం."

తన పేరు కాదు. ఆమె పేరు. ముప్పై ఏళ్ళుగా ‘ఏమే’ అని, ‘ఇదిగో’ అని పిలిచిన మనిషి, ఒకే ఒక్కసారి పెళ్ళి గడపలో చెప్పిన పేరు. సంతోషమ్మ తోలుసంచి సర్దుకుంటున్నట్టు తల పక్కకు తిప్పుకుంది. నాగేంద్రమ్మే తేరుకుని, "నీ పేరు చెప్పరా అంటే దాని పేరు చెప్తాండావే" అని కొడుకును గదిమి, ముక్కు చీదుకుంది.

ఆ సాయంత్రం సంతోషమ్మ పోయాక పసుపునీళ్ళు చల్లలేదు. మరునాడూ చల్లలేదు. ముసలామె మనసు మారిందో, వంగి చల్లలేక నడుము పట్టిందో ఎవరూ అడగలేదు.

వర్షాకాలం వచ్చేసరికి శెట్టి కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడవగలిగాడు. తూలినా సర్దుకునేవాడు. తల వెనక చిన్న మెదడని ఒకటుంటుందనీ, ఒళ్ళు తూలకుండా నిలిపేది అదేననీ, దానికి దెబ్బ తగలకపోవడం అదృష్టమనీ సంతోషమ్మ చెప్పింది. రాజ్యలక్ష్మమ్మ ఆ రోజు దేవుడి గూటి ముందు కూర్చుని, పోయినవాటి గురించి కాక మిగిలినవాటి గురించి దండం పెట్టుకుంది. ఊపిరికి ఒకటి, మింగడానికి ఒకటి, కాలికి, తూలకుండా నిలబడడానికి, పాటకు. పేర్లు తెలియకముందు ఇన్ని ఉన్నాయనే ఆమెకు తెలియదు.

సంతోషమ్మకు ఏమివ్వాలన్నది ఇంట్లో పెద్ద చర్చ అయింది. పట్టుచీర తెస్తే, "ఇది కట్టుకోని పుండ్లు కడగల్నా అమ్మా?" అని నవ్వి తిప్పి పంపింది. వెండి గిన్నె తీసుకోలేదు. శెట్టి అన్నీ వింటూ కూర్చున్నాడు. ఏదో ఆలోచన ఉంది. అది చెప్పడానికి మాటలు చాలడం లేదు. సంక్రాంతి దాటాక లేవి అంగడికి వచ్చి, ఆదివారం చర్చిలో కోత పండుగ, పల్లె పల్లెంతా తొలిపంట తెచ్చి దేవునికి ఇస్తారని చెప్పుకుంటూ పోతుంటే, శెట్టి కర్రతో నేలను కొట్టాడు.

"నేను... నేను... జొన్నలు."

"మీరు వస్తారా శెట్టీ? మా గుడికా?"

"వద్దు" అన్నాడు శెట్టి. తప్పు మాట దొర్లింది. తల అడ్డంగా ఊపి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో తాళం వేసి వెతికి పట్టుకున్నాడు. "వస్తా."

ఆదివారం బండి కట్టించారు. ఒక మూట జొన్నలు, పక్కన శెట్టి, వెనక రాజ్యలక్ష్మమ్మ. చర్చి నిండా మనుషులు. గుమ్మడికాయలు, కందికాయలు, కోళ్ళు, వేరుసెనగ, గంపలకొద్దీ ముందు పెట్టివున్నాయి. గుమ్మంలో శెట్టిని చూసి పాట ఆగింది. పాస్టరు లేచి ఎదురొచ్చాడు. లేవి జొన్నల మూట మోసుకుపోయి గంపల పక్కన దించాడు.

శెట్టి కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళ వరసలో సంతోషమ్మ కూర్చుని ఉంది. ఆయన ఆమె వైపు చూశాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. రాజ్యలక్ష్మమ్మ అందించబోయి ఆగిపోయింది. ఆయన ఎడమ చేతి వేళ్ళు కర్ర మీద తాళం వేస్తున్నాయి.

"సంతో...షమ్మ," అన్నాడు శెట్టి. ఊపిరి తీసుకున్నాడు. "నాకు... మాట... ఇచ్చింది."

వెనక వరసలో ఒక ముసలాయనకు అర్థం కాలేదు. "ఏం మాట ఇచ్చిందంట?" అని పక్కవాణ్ణి అడిగాడు.

"యా మాటా కాదు మామా," అన్నాడు, మూట దించి వెనక్కి వచ్చి నిలబడిన లేవి. "ఆయప్ప నోట్లో మాటే."

సంతోషమ్మ లేచి ముందుకు వచ్చింది. ఎవరి ముందూ తడబడని మనిషి చేతులు నలుపుకుంది. "నేను ఇయ్యలేదు శెట్టీ, లోపల్నే ఉండింది. మీ ఇంటామె ఇడవకుండా తోడింది" అన్నది.

రాజ్యలక్ష్మమ్మ కూడా ఎన్నో అనుకుని వచ్చింది. బండిలో వస్తూ మనసులో నాలుగైదుసార్లు చెప్పుకుంది. తీరా ఎదురుగా నిలబడ్డాక అవన్నీ పక్కన పెట్టింది. సంతోషమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మందు వాసన వేసే, గరుకైన చేతులు. చర్చిలో పాట మళ్ళీ మొదలైంది. శెట్టికి ఆ పాట రాదు, వరస మాత్రం కర్ర మీద పట్టుకున్నాడు.

ఆరాధన అయ్యాక వేపచెట్టు నీడలో అందరికీ బెల్లపు పొంగలి పెట్టారు. సంతోషమ్మ శెట్టి దంపతులకు అరటిపళ్ళు మాత్రమే తెచ్చింది, వాళ్ళ ఇబ్బంది తెలిసి. రాజ్యలక్ష్మమ్మ అరటిపండు పక్కన పెట్టి, "పొంగలి నీ చేత్తో పెట్టు సంతోషమ్మా" అని ఆకు చాచింది. సంతోషమ్మ ఒక్క క్షణం చూసి, పెద్ద గరిటెతో పెట్టింది.

తిరిగి వస్తూ శెట్టి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. రైలు గేటు దగ్గర నోరు తెరిచాడు. బండి గేటు దాటింది, దర్గా వీధి దాటింది. ఒకటి రెండు తప్పు మాటలు దొర్లాయి, వాటిని తోసేశాడు. రాజ్యలక్ష్మమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి, తొందరపెట్టకుండా కూర్చుంది. బజారు వీధి మలుపులో మాట దొరికింది.

"వచ్చే ఏడూ... పోదాం."

"పోదాం" అన్నదామె.